అప్పన్న బాబాయి దుమ్ములగొండులు

బర్మాలో మేముండే సంచౌంగ్ బజారులో మొన్న ఒక వానపొద్దున ఆకుకూరల బుట్టలు, ఎండుచేపల గోనెలు దాటుకుంటూ మాంసం కొట్టు ముందుకి వచ్చాను. సరిగ్గా అప్పుడే లోపల ఎవరో మేక తొడ ఎముకను ఒక్క వేటుకి విరిచారు. పెద్ద చప్పుడేం కాదు. తడిసిన వెదురుబొంగు విరిగితే వచ్చేలాంటిది, ముందు మెత్తగా మొదలై చివర గట్టిగా ముగిసే చప్పుడు. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వెనకనున్నావిడ కాస్త పక్కకి జరగమని బర్మీస్‌లో రెండుసార్లు అడిగిందట, నాకు వినపడలేదు. నా ముందు బజారు లేదు. నడుము లోతు ఎండుగడ్డి, దాని మీద వాలుగా పడుతున్న సాయంత్రపు ఎండ, దూరంగా ఒంటరి ముళ్ళచెట్టు మాత్రమే ఉన్నాయి. నేనెన్నడూ కాలు పెట్టని నేల అది. దాన్ని నాకు చూపించిన మనిషి కూడా అక్కడ ఎన్నడూ కాలు పెట్టలేదు.

ఆయన పేరు అప్పన్న. మాకు చుట్టం కాదు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు కట్టకి ఇవతల మా చెక్క ఇంటిని ఆనుకునే ఆయన ఇల్లు, రెండింటికీ మధ్య ఒకటే తడక. మా తాతలూ వాళ్ళ తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్ళు. ఆ వరసలో ఆయన నాకు బాబాయి అయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. మా వీధికి దగ్గర్లో ఉన్న జంతు ప్రదర్శనశాలలో ఆఫ్రికా నుంచి వచ్చిన దుమ్ములగొండులకి కాపరిగా పనిచేసేవాడు. అక్కడి బర్మావాళ్ళు ఆయన్ని ఊ అప్పా అని గౌరవంగానే పిలిచేవారు. మా వీధివాళ్ళ తీరు వేరు. మనవాళ్ళకి దుమ్ములగొండి అంటే సమాధులు తవ్వే జంతువు. పెళ్ళిళ్ళకి ఆయన్ని పిలిచేవారు, వంటల దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. ఆయన పట్టించుకునేవాడు కాదు. దూరంగా కుర్చీ వేసుకుని, పిలిచినందుకే సంతోషపడి, అక్షింతలు వేసి వచ్చేసేవాడు.

నేను పుట్టినప్పుడే అమ్మ పోయింది. నాలుగేళ్ళప్పుడు నాన్న జ్వరంతో పోయాడు. నన్ను పెంచింది మా మామ్మ, నాన్నని కన్నతల్లి. వీధి చివరి పోలమ్మ తల్లి గుడికి దీపం పెట్టే పని మా ఇంటిదే. తాత తర్వాత అది మామ్మకి వచ్చింది. వీధిలోని తెలుగు బడి నేను పుట్టకముందే మూతపడింది. బర్మా బడికి పంపాలంటే పెద్ద రోడ్డు దాటించాలి. ఉన్న ఒక్క మనవరాలిని రోడ్డు దాటించడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. "ఇంటికాడే సదువుకుంటాది," అని తేల్చేసింది. ఎవరు చెబుతారని పక్కింటావిడ అడిగింది. తడక అవతల ఎవరో దగ్గారు. నా చదువు అలా మొదలైంది.

పుస్తకాలు లేవు. దేశం తలుపులు మూసుకున్న కాలం అది. విశాఖపట్నం నుంచి ఓడలు రావడం మానేశాయి, ఉత్తరం వచ్చినా ఎవరో విప్పి చూసి అతికించిందే వచ్చేది. వీధి మొత్తం వెతికితే ఒక పాత పంచాంగం, అంచులు నలిగిన భజన పాటల పుస్తకం దొరికాయి. అందుకని బాబాయి తన నోటుబుక్కే తెచ్చాడు.

ఆ నోటుబుక్కు సంగతి చెప్పాలి. ఒక ఏనుగుపిల్లని ఆఫ్రికాకి ఇచ్చి బదులుగా రెండు దుమ్ములగొండి పిల్లల్ని పుచ్చుకున్నారట. వాటితో పాటు కరీంభాయ్ అనే ఆయన వచ్చాడు. వాళ్ళ పెద్దలు గుజరాత్ నుంచి ఆఫ్రికాకి రైలు పట్టాలు వెయ్యడానికి వెళ్ళినవాళ్ళు. బాబాయి పెద్దలేమో బర్మా రేవుకి వచ్చినవాళ్ళు. ఇద్దరూ హిందుస్తానీలో మాట్లాడుకుంటూ మూడు వారాలు ఆ కంచె ముందే కూర్చున్నారు. కరీంభాయ్ చెప్పిందంతా బాబాయి తెలుగులో రాసుకున్నాడు. వంకర అక్షరాలు, పెన్సిలు రాత, చివరి పేజీల్లో కాగితం చాలక అంచుల వెంట కూడా రాత. నేను నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం అందులోదే: దుమ్ములగొండి పిల్ల కళ్ళు తెరుచుకునే పుడుతుంది.

మధ్యాహ్నాలు మా వసారాలో చాప మీద చదువు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని కూర్చునేవాడు. నేను వేలు పెట్టి చదివేదాన్ని.

"గుంపులో... అందరికన్నా... పెద్దది ఆడది."

"ఆగు. అంటే ఏటి?"

"మన ఇంట్లో మామ్మలాగ."

వంటింట్లోంచి మామ్మ గొంతు వచ్చేది. "ఒరే అప్పన్నా, నన్ను జంతువుల్లో కలిపేత్తన్నావేట్రా?"

"కలపనేదు పిన్నీ. పోల్చేనంతే."

"పోల్చితే పోల్చేవు గానీ, టీ తాగి గలాసు కడిగి ఎట్టు."

ఆయన కడిగిపెట్టేవాడు. వచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మగవి మూడేళ్ళు రాగానే పుట్టిన గుంపు వదిలి వెళ్ళిపోతాయని, ఎక్కడో పరాయి గుంపు అంచున నెలల తరబడి తల వంచుకుని తిరిగితే గాని వాళ్ళు చేరనివ్వరని చెప్పేవాడు. తల్లికి ఏ స్థానమో కూతురికి దాని తర్వాతి స్థానం. ఒక్కొక్కదాని కూత ఒక్కోలా ఉంటుంది, మైళ్ళ దూరం నుంచి విన్నా ఇది ఫలానా అని గుర్తుపడతాయి. లోకం అనుకున్నట్టు అవి సింహాల ఎంగిలి మీద మాత్రమే బతకవు. చాలాసార్లు అవి పరిగెత్తి పట్టుకున్నదాన్ని సింహాలే వచ్చి లాక్కుంటాయి. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతులో చిన్న నొప్పి ఉండేది, ఆ అపవాదు తన ఇంటి ఆడపిల్ల మీద పడినట్టు.

వాన పడే మధ్యాహ్నాల్లో ఆయన నోటుబుక్కు మూసేసేవాడు. రేకు కప్పు మీద వాన మోత మధ్య, కళ్ళు సగం మూసుకుని, అక్కడి కరువు గురించి చెప్పేవాడు. నెలల తరబడి చుక్క పడదు. గడ్డి తెల్లబడి విరిగిపోతుంది. గుంపులు గుంపులుగా తిరిగే మేత జంతువులు నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. బొరియలో పిల్లలుంటాయి గనక తల్లి దుమ్ములగొండి వలస పోలేదు. చీకటి పడేవేళ బయల్దేరి మూడు రోజుల దూరం నడుస్తుంది. దొరికింది తిని మళ్ళీ అంత దూరం నడిచి వచ్చి పాలిస్తుంది. ఏమీ దొరక్కపోతే పాత ఎముకలు తింటుంది. ఎండకి తెల్లబడి, మిగతా జంతువులన్నీ వదిలేసిన ఎముకల్ని కొరికి, పిండి చేసి, పాలుగా మార్చుకుంటుంది. ఆ మాట వినేటప్పుడు నాకు మా వసారా మెల్లగా ఆ గడ్డిలోకి తేలిపోతున్నట్టుండేది. రైలు కూత కూడా ఎక్కడో దూరాన పిల్లల్ని పిలుస్తున్న తల్లి గొంతులా వినిపించేది.

"నువ్వు సూసేవా బాబాయ్ ఆ ఊరు?" అని అడిగాను ఒకసారి.

"నేదమ్మా."

"మరి ఎలాగ తెలుసు నీకు?"

"దొరసాని సూసింది కదా. దాని కళ్ళలోకి రోజూ సూత్తన్నాను."

దొరసాని అంటే ఆడ దుమ్ములగొండి. మగదాని పేరు గుమాస్తా. రెండూ ఆయన పెట్టిన పేర్లే. పదేళ్ళప్పుడు మొదటిసారి నన్ను తీసుకెళ్ళాడు. ఇనుప కంచె అవతల పసుపు రంగు ఒళ్ళు, నల్లని మచ్చలు, ముందుకాళ్ళు పొడుగై వెనక్కి జారిపోయే నడుము. నన్ను చూసి గుమాస్తా నవ్వింది. నేను భయపడి బాబాయి లుంగీ పట్టుకున్నాను.

"అది నవ్వు కాదే గుంటా. బెదురు. దొరసాని గుర్రుమంటే దానికి గొంతు అలగ వణుకుతాది. మనూళ్ళో మొగోళ్ళకి లోపల వణుకుతాది, దానికి పైకే వణుకుతాది. అంతే తేడా."

మేత వేసేటప్పుడు ఆయన ఎప్పుడూ ఒక పద్ధతి పాటించేవాడు. ముందు దొరసానికి. అది తల తిప్పుకున్నాకనే గుమాస్తాకి. పైఅధికారులు ఎంత తొందరపెట్టినా ఆ పద్ధతి మార్చేవాడు కాదు. నేనది చూశాను గాని, మనసుకి ఎక్కించుకోలేదు. మా ఇంట్లో మగదిక్కు లేకపోయినా, విందు వడ్డనల్లో ముందు మగవాళ్ళు, చివర మేము. నాకు అదే వరస ఎరుక.

నాకు ఇరవై వచ్చిన ఏడు దొరసాని ఈనింది. ఒక్కటే పిల్ల, నల్లగా నిగనిగలాడుతూ. బాబాయి దానికి బొగ్గు అని పేరు పెట్టాడు. ఆడో మగో ఏడాది దాటితే గాని చెప్పలేమన్నాడు. "మనవరాలు పుట్టినంత సంబరం నీకు," అని నేను ఆటపట్టిస్తే సిగ్గుపడ్డాడు. అది పుట్టిన రెండు నెలలకి వచ్చింది, ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ కలిసొచ్చి బర్మావాళ్ళు నాలుగు ఎనిమిదుల ఏడు అని చెప్పుకునే ఆ 1988 వర్షాకాలం.

సైనిక ప్రభుత్వాన్ని దిగిపొమ్మని విద్యార్థులు మొదలుపెట్టారు. వాళ్ళ వెనక భిక్షువులు, ఆఫీసు ఉద్యోగులు, రేవు కూలీలు, చివరికి ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా వీధుల్లోకి వచ్చారు. తుపాకులు పేలాయి. లత పేట వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు. తర్వాత ఆఫీసులు, దుకాణాలు, రైళ్ళు అన్నీ ఆగిపోయాయి. ప్రతి వీధి మొగలో వెదురు అడ్డుకట్టలు కట్టి ఆ వీధివాళ్ళే కాపలా కాశారు. నీళ్ళలో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. చేతిలో సంచి ఉన్న ప్రతి మనిషినీ ఆపి సోదా చేసేవారు.

జంతు ప్రదర్శనశాలకి మాంసం బండి రావడం మానేసింది. మొదటి రెండు రోజులూ బాబాయి మా ఇంట్లో మిగిలిన అన్నం, పప్పు పట్టుకెళ్ళాడు. వీధిలో ఎముక ముక్క దొరకదు. శ్రావణమాసం కావడంతో మావాళ్ళు నీసు ముట్టరు, ముట్టాలన్నా బజారు లేదు. నాలుగో రోజు సాయంత్రం ఆయన మా గడపలో కూర్చున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏట్రా అలగున్నావు?" అంది మామ్మ.

"దొరసానికి పాలు తగ్గిపోనాయి పిన్నీ. బొగ్గు రొమ్ము వదలదు, పీకుతానే ఉంటాది." కాసేపాగి, "మా ఆపీసు పెద్దాయన పిలిచినాడు. మూడు రోజుల్లో మేత దారి సూడకపోతే ఇసం మందెట్టీమన్నాడు. ఆకలికి కంచె ఇరిసి ఊరి మీద పడతాయని భయం. నా సేత్తోనే ఎట్టమన్నాడు, నాను ఎడితే తింటాయని," అన్నాడు.

మామ్మ వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఆయన తాగలేదు.

ఎముకలు ఎక్కడున్నాయో ఆ గడపలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఏటా ఆషాఢంలో పోలమ్మ తల్లికి మేకపోతుల్ని ఇస్తాం. ఆ రోజు వీధంతా కలిసి తింటాం. తిన్నాక ఒక్క ఎముక కూడా పారెయ్యకూడదు. అన్నీ ఏరి, గుడి వెనక ఇటుకలు పేర్చిన గోతిలో వేసి, పసుపునీళ్ళు చల్లి, వేపమండలు కప్పి, పైన రాతిపలక మూస్తాం. అమ్మవారికి చెందినది మరో నోరు ముట్టకూడదు. నా చిన్నప్పుడు ఒక ఏడు పలక సరిగా పడక వీధికుక్కలు ఆ గొయ్యి తవ్వాయి. ఆ నెలలోనే మా నాన్నకి జ్వరం తగిలింది. మామ్మ ఆ తర్వాత ఏనాడూ పలక మూసే పని ఇంకొకరికి ఇవ్వలేదు.

ఆ ఏడు పండగ రెండు వారాల కిందటే, కాల్పులకి ముందు, హడావిడిగా ముగించాం. గొయ్యి నిండుగా ఉంది.

నేనే అడిగాను. "మామ్మా, గోతిలో ఉన్నాయి కదా."

ఆవిడ నా వైపు తిరగలేదు. బాబాయితోనే అంది. "కుక్కలు ముట్టినందుకే నా కొడుకు పోనాడు. ఇప్పుడు దుమ్ములగొండికి ఎడితే దీన్ని తీసుకుపోతాది. నాకున్నది ఇదొక్కతే అప్పన్నా."

"నాను అడగనేదు పిన్నీ," అన్నాడు బాబాయి. "అడగను కూడా." లేచి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. తడక అవతల ఆ పూట పొయ్యి వెలగలేదు.

తెల్లవారి మామ్మ పూలు ఏరుకోవడానికి వెళ్ళింది. గుడికి దీపం పెట్టడానికి నేను వెళ్ళాను. అమ్మవారి ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు గొప్ప మంత్రాలేవీ రావు. ఇంట్లో నేర్చిన చదువు, ఇంట్లో నేర్చిన భక్తి. మనసులో ఉన్నది చెప్పుకున్నాను: తల్లీ, పాలు ఎండిపోయిన తల్లి ఒకతి ఉంది. నీకు ఇచ్చిందే నీ దగ్గర అడుగుతున్నాను. కోపం వస్తే నా మీదే తీర్చుకో, మామ్మని మాత్రం ఏడిపించకు. దీపం నిలకడగా వెలిగింది, అంతే. లేచి వెనక్కి వెళ్ళి, పలక పక్కకి నెట్టి, బియ్యం గోనె నిండా ఎముకలు ఎత్తుకున్నాను. ఎత్తుతున్నంతసేపూ అమ్మవారి పేరే తలుచుకున్నాను.

గోనె మోసుకుని జంతు ప్రదర్శనశాలకి నడిచిన ఆ దారి అంత పొడుగ్గా ఏనాడూ అనిపించలేదు. మొదటి అడ్డుకట్ట దగ్గరే ఆపారు. ఎర్రగుడ్డ తలకి చుట్టుకున్న ఒకావిడ, అంతకు ముందు మా వీధిలో అరటిపళ్ళు అమ్మిన మనిషే, గోనె వైపు చూసింది. చుట్టూ మనుషులు మూగారు. గోనె అడుగున పసుపు మరక.

"అందులో ఏముంది?" అంది బర్మీస్‌లో.

"ఎముకలు."

"ఎవరివి?"

ఆ ప్రశ్న విని వెనక ఎవరో నవ్వారు, ఇంకెవరో, ఇండియావాళ్ళని చులకనగా పిలిచే మాటతో, "కలా దాన్ని నమ్మకండి, ఆ పసుపు విషమేమో," అన్నారు. ఆవిడ గోనె మూతి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మేకలవి," అన్నాను. "మా దేవతవి. ఊ అప్పా జంతువులకి. దానికో పసిబిడ్డ ఉంది."

ఆవిడ ఒక ఎముక తీసి, వేలితో గీకి, ఆ పసుపు తన నాలుక మీద రాసుకుంది. ఆవిడ చప్పరించి, "వంటింటి పసుపే," అంది. "మనుషులకే తిండి లేదు, దీనికి దుమ్ములగొండుల బెంగ. పో, మ పైడీ, పో." తన తలగుడ్డ అంచు చింపి గోనెకి కట్టింది, ముందున్న అడ్డుకట్టల వాళ్ళు మళ్ళీ ఆపకుండా. ఆవిడ పేరు నాకు ఈనాటికీ తెలియదు. ఆడపిల్లల పేరు ముందు బర్మావాళ్ళు పెట్టే మ చేర్చి పిలిచింది, నా పేరు పైడితల్లి అని ఆవిడకి ఎలా తెలిసిందో కూడా తెలియదు.

జంతు ప్రదర్శనశాల గేటు దగ్గరే బాబాయి ఎదురొచ్చాడు. గోనెకేసి, నా చేతులకేసి చూసి, కంచె దగ్గరికి దారి ఇచ్చాడు. దొరసాని ఒక మూల పడుకుని ఉంది. బొగ్గు దాని పొట్ట కింద తల దూర్చుకుని ఉంది. గుమాస్తా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పాపం, అన్నింటికన్నా అదే చిక్కిపోయింది. మగప్రాణి. నా చెయ్యి తనంత తానే వెళ్ళింది. పెద్ద తొడ ఎముక తీసి దాని ముందు వేశాను.

ఆ తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. లేవలేదనుకున్న దొరసాని రాయిలా వచ్చి గుమాస్తా మీద పడింది. దుమ్ము, అరుపులు. బాబాయి ఇనుప కమ్మీల మీద కర్రతో మోదుతూ మిగతా ఎముకలు ఇటు వైపు విసరసాగాడు. వేరుపడేసరికి గుమాస్తా చెవి చీలి రక్తం కారుతోంది. దొరసాని ఒగరుస్తూ నిలబడింది. బొగ్గు ఎటుపోవాలో తెలియక మధ్యలో వణుకుతోంది.

నేను ఏడ్చేశాను. బాబాయి కోప్పడలేదు.

"మనింటి వడ్డన ఇక్కడ ఎట్టీసేవు," అన్నాడు మెల్లగా. "ఇంటన్నావా పైడీ. అది తింటే పిల్ల తింటాది. వరస తప్పితే దెబ్బలాట. దెబ్బలాటలో ఉన్న కాస్త బలం పోతాది. కరువులో ఈళ్ళని బతికించేది పంటి బలమొక్కటే కాదు, వరస కూడా. ఏది, మల్లీ ఎట్టు. సూసి ఎట్టు."

మళ్ళీ పెట్టాను. ముందు దొరసానికి. అది ఎముకను రెండు పాదాల మధ్య ఒడిసిపట్టి, తల ఒక పక్కకి వంచి కొరికింది. ఆ చప్పుడు నా గుండెలోంచి వచ్చినట్టు వినబడింది. వేపాకు ముక్క ఒకటి దాని మూతికి అంటుకుని కదులుతోంది. బొగ్గు పక్కకి చేరి, చిన్న ముక్క పట్టుకుని, దాంతో ఏం చెయ్యాలో తెలియక ఆడుకుంది. చాలాసేపటికి దొరసాని తల తిప్పుకుంది. అప్పుడు గుమాస్తాకి వేశాను.

ఇంటికి బాబాయి నాతోపాటు వచ్చాడు. మామ్మ గుడి వెనక, తెరిచి ఉన్న గోతి పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో పూలు ఒడిలోనే వాడిపోయాయి.

"నానే తవ్వినాను పిన్నీ," అన్నాడు బాబాయి నేను నోరు తెరిచేలోగా. "గుంటకి ఏటీ తెల్దు."

మామ్మ తలెత్తి ఆయన చేతులు చూసింది. తర్వాత నావి చూసింది. నా చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి.

"అబద్ధమాడ్డానికైనా సేతికి కాసింత పసుపు రాసుకు రావాలి కదరా," అంది. కోపం లేదు. ఆ గొంతులో ఉన్నది భయం ఒక్కటే. నన్ను దగ్గరికి లాక్కుని, జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ వారమంతా గంటకోసారి నా నుదురు చూసేది. బాబాయి తడక అవతల నుంచి, "ఎలగుంది?" అని అడిగేవాడు. మూడో రోజు నాకు నిజంగానే జ్వరం వచ్చింది. వానకి నానిన ఒళ్ళో, బెదిరిన మనసో. మామ్మ నా పక్కనే కూర్చుని తడిగుడ్డ వేస్తూ ఉంది. ఆ మగతలో నాకు పొడుగాటి గడ్డి కనిపించేది. అందులో ఒక ముసలి తల్లి నడుస్తూ ఉండేది, ఎంతకీ ఆగకుండా, నోట ఏదో కరుచుకుని. అది దొరసానో మామ్మో పోల్చుకోలేకపోయేదాన్ని. బాబాయి గడప బయటే చేతులు కట్టుకుని నిలబడేవాడట. లోపలికి రమ్మని మామ్మ అనలేదు, పొమ్మనీ అనలేదు. జ్వరం వచ్చిన రెండో నాటికి మామ్మ నోరు విప్పింది.

"గోనెలోవి అయిపోనాయా?"

"రేపటికి అయిపోతాయి పిన్నీ."

"అప్పుడు మందెడతావా?"

మామ్మ నా నుదుటి మీది తడిగుడ్డ మార్చిందట. తర్వాత లేచి, పసుపు కలిపిన నీళ్ళతో చేతులు తడుపుకుని, గుడి వెనక్కి తనే నడిచింది. పలక తనే జరిపింది. కిందటేటివి, ముందటేటివి, మట్టి పట్టిన ఎముకలన్నీ తనే తీసి గోనెలో నింపింది. "నా కొడుకుని తీసుకున్నప్పుడు నాను ఆ తల్లి మొకం సూడలేకపోనాను. ఇప్పుడు సూసి అడుగుతాను," అని గుళ్ళోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుందట. లోపల ఏమడిగిందో నాకెప్పుడూ చెప్పలేదు. నాలుగో నాటికి నా జ్వరం దిగింది. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలియదు. దణ్ణం పెట్టుకోవడం మాత్రమే తెలుసు.

ఆ ఎముకలు తొమ్మిది రోజులు వచ్చాయి. ఏళ్ళనాటి ఎముకల్లో కూడా బతుకు ఉంటుందని కరీంభాయ్ చెప్పింది నిజమే. తర్వాత దగ్గర్లోని భిక్షువులు ఊరి కబేళా నుంచి వృథా పోయేవి ఇప్పించారు. మందు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సైన్యం తిరిగి రోడ్ల మీదికి వచ్చాక మాంసం బండి కూడా తిరిగి వచ్చింది. దేశం మళ్ళీ తలుపులు మూసుకుంది. బొగ్గు ఆడపిల్ల అని ఆ మరుసటి ఏడు తేలింది. తల్లి పక్కనే, తల్లి తర్వాతి స్థానంలో, అచ్చం నోటుబుక్కులో రాసినట్టే పెరిగింది.

మరుసటి ఆషాఢంలో మామ్మ వడ్డన దగ్గర నిలబడి, విస్తళ్ళ ముందు కూర్చోబోతున్న మగవాళ్ళని ఆపింది. వీధిలో పాలిచ్చే తల్లులు నలుగురున్నారు. వాళ్ళని ముందు కూర్చోబెట్టమంది. ఎవరో గొణిగితే, "అప్పన్ననడుగు, సెబుతాడు," అంది. అప్పన్న బాబాయి అప్పటిదాకా ఎప్పటిలాగే దూరంగా కుర్చీలో ఉన్నాడు. మామ్మ ఆయన్ని కూడా పిలిచి వంటల దగ్గర గరిటె చేతికిచ్చింది. ఆయన పాలిచ్చే తల్లుల విస్తళ్ళ దగ్గర వడ్డన మొదలుపెట్టాడు.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. మామ్మ అంతకు ముందే పోయింది. ఆ కంచెలో ఇప్పుడు వేరే జంతువులున్నాయని విన్నాను, చూడ్డానికి వెళ్ళలేదు. నోటుబుక్కుని ఒక తుఫానులో నీళ్ళు మింగేశాయి. అందులోది నాకు చాలావరకు కంఠతా వచ్చు గనక పోయిందని అనిపించదు.

ఇప్పుడు పోలమ్మ తల్లి దీపం నా చేతిలో ఉంది. పెళ్ళయి సంచౌంగ్ వచ్చేశాక కూడా ఆదివారం తెల్లవారే అక్కడికి వెళతాను. దీపం వెలిగించాక పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకోవడం మా ఇంటి అలవాటు. అమ్మ, నాన్న, మామ్మ, అప్పన్న బాబాయి, ఉందో పోయిందో, పేరు కూడా తెలియని ఆ అరటిపళ్ళావిడ. వాళ్ళ తర్వాత ఇంకో మూడు పేర్లున్నాయి, ఏ పూజారి విన్నా కనుబొమలు ముడివేసే పేర్లు. వాటినీ చెబుతాను, కృతజ్ఞతగా, తొందరపడకుండా. ముందు దొరసాని. తర్వాత బొగ్గు. అప్పుడు గుమాస్తా.